మాల తీసిన మర్నాడు: 42వ రోజు నుంచి మన సాధన ఎలా సాగాలి?

 

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళలో ఏ వీధిలో చూసినా నల్లబట్టలే. తెల్లవారుజామున నాలుగింటికే శరణుఘోష. నిన్నటిదాకా ఎనిమిదింటికి దుప్పటి తీయని కుర్రాడు చన్నీళ్ళ స్నానం చేసి పీఠం ముందు కూర్చుంటాడు. ఆఫీసులో అందరి మీదా కేకలేసే మనిషి, అటెండరును కూడా "స్వామీ" అని పిలుస్తాడు. చెప్పుల్లేకుండా తిరుగుతాడు, చాప మీద పడుకుంటాడు, ఒంటిపూట భిక్షతో సరిపెట్టుకుంటాడు. ఒక్క అయ్యప్ప దీక్షే కాదు. బెజవాడ ఇంద్రకీలాద్రికి వెళ్ళే భవానీలు, శ్రీశైలం వెళ్ళే శివస్వాములు, కొండగట్టుకు వెళ్ళే హనుమాన్ దీక్షాపరులు, అందరిలోనూ ఈ మార్పు చూస్తూనే ఉంటాం.

దీని గురించి ఎంతోమంది ఇల్లాళ్ళు ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. "అయ్యా, మాల వేసుకున్న 41 రోజులూ మా ఆయన దేవుడండీ. ఒక్క మాట తూలడు. పిల్లలు దగ్గరకెళ్ళి కూర్చుంటారు. కొండకెళ్ళి వచ్చి మాల తీశాడా, ఆ సాయంత్రమే సీసా తెరుస్తాడు. పిల్లలు మళ్ళీ వేరే గదిలోకి పోతారు. ఆ 41 రోజుల మనిషి నిజమా, మిగతా 324 రోజుల మనిషి నిజమా?"

ఇది చిన్న ప్రశ్న కాదమ్మా. ఇందులో ఒక ఇంటి కన్నీళ్ళున్నాయి. అందుకే ఈ రోజు దీక్ష ఎలా చేయాలో కాదు, దీక్ష తర్వాత ఎలా బతకాలో మాట్లాడుకుందాం. మాల వేయనివాళ్ళకూ ఇది పనికొస్తుంది. జనవరి 1న మొదలుపెట్టి సంక్రాంతికి వదిలేసే నడక కావచ్చు, కొత్త పుస్తకం కొని నాలుగు పేజీలతో ఆపేసిన రామకోటి కావచ్చు, అన్నిటికీ జబ్బు ఒకటే, మందూ ఒకటే.

దీక్షలో మనం ఎందుకు మారుతాం?

ముందు ఇది అర్థం కావాలి. 41 రోజులు మద్యం ముట్టకుండా, కోపం లేకుండా ఉండగలిగిన మనిషికి శక్తి లేదనగలమా? శక్తి ఉంది. ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి.

మొదటిది, వేళ. దీక్షలో ఎన్నింటికి లేవాలో, ఎప్పుడు స్నానమో, ఎప్పుడు పూజో, ఎప్పుడు భిక్షో ముందే నిర్ణయమై ఉంటుంది. "ఈరోజు చేద్దామా వద్దా" అని మనసును అడిగే పనే లేదు.

రెండోది, గుర్తు. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్ట. నోట్లోకి చెడ్డ మాట వచ్చేలోపు చెయ్యి మాలకు తగులుతుంది.

మూడోది, తోడు. సన్నిధానంలో పదిమంది స్వాములు, తప్పు చేస్తే చెప్పడానికి గురుస్వామి, ఈ రోజు ఒకరింట పడిపూజ, రేపు ఇంకొకరింట భజన. పాత స్నేహితులు కూడా "వీడు మాలలో ఉన్నాడురా" అని తప్పుకుంటారు.

నాలుగోది, పేరు. సుబ్బారావు సుబ్బారావుగా ఉండడు, స్వామి అవుతాడు. లోకమంతా స్వామీ అని పిలుస్తుంటే, ఆ పిలుపుకు తగ్గట్టు ఉండాలని లోపల అనిపిస్తుంది.

అయిదోది, గమ్యం. తలమీద ఇరుముడి, ఎదురుగా 18 మెట్లు. దేనికోసం కష్టపడుతున్నాడో ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది.

ఇప్పుడు మాల తీసిన రోజు ఏం జరిగింది? వేళ పోయింది, గుర్తు పోయింది, తోడు పోయింది, పేరు పోయింది, గమ్యం చేరిపోయాం కాబట్టి అదీ పోయింది. అయిదు గుంజల మీద నిలబెట్టిన పందిరి. అయిదూ ఒకే పూట పీకేశాం. పందిరి పడిపోక ఏమవుతుంది? దీన్ని చూసి "వాడి భక్తి దొంగ భక్తి" అనేస్తాం. కాదండీ. భక్తి నిజమే. ఆ గుంజల బదులు ఇంకే గుంజా పాతుకోకపోవడమే లోపం.

శాస్త్రం ఏం చెప్పింది?

భగవద్గీత రెండో అధ్యాయంలో, 59వ శ్లోకంలో కృష్ణ పరమాత్మ ఒక సూక్ష్మమైన సంగతి చెప్పారు. ఇంద్రియాలకు ఆహారం పెట్టకుండా ఉపవాసం ఉంచితే విషయాలు దూరమవుతాయట, కానీ వాటి మీద రుచి మాత్రం లోపలే ఉండిపోతుందట. ఆ రుచి కూడా పోవాలంటే అంతకంటే గొప్పదాన్ని రుచి చూడాలి. మన 42వ రోజు కథంతా ఇందులోనే ఉంది. సీసా దూరమైంది, సీసా మీద రుచి దూరం కాలేదు. కొందరు మాలలో ఉండగానే కేలండర్ చూసుకుంటూ ఉంటారు, "ఇంకా 12 రోజులు" అని. వాళ్ళు వ్రతం చేయడం లేదు, సెలవు కోసం ఎదురుచూస్తున్నారు.

అదే అధ్యాయంలో 62, 63 శ్లోకాల్లో పతనానికి మెట్లు కూడా లెక్కపెట్టి చూపించారు. విషయాన్ని తలచుకుంటూ కూర్చోవడం, దానితో సంగం, దాని వల్ల కోరిక, కోరికకు అడ్డొస్తే క్రోధం, క్రోధం వల్ల మోహం, ఆపైన స్మృతి పోవడం, బుద్ధి పోవడం, చివరకు మనిషే పోవడం. మొదటి మెట్టు తాగడం కాదు, చూశారా? తలచుకుంటూ కూర్చోవడం! ఆగాల్సింది అక్కడ. ఏడో మెట్టు దాకా దిగిపోయాక ఆగుదామంటే కాళ్ళు మన మాట వినవు.

ఇక ఆరో అధ్యాయంలో అర్జునుడు మనందరి తరఫునా అడిగేశాడు. ఈ మనసును పట్టుకోవడం గాలిని పట్టుకోవడంలాంటిదయ్యా అన్నాడు. పరమాత్మ "అదేం లేదు, చాలా తేలిక" అనలేదు. నిజమే, సందేహం లేదు, కష్టమే అని ఒప్పుకున్నారు. ఒప్పుకుని రెండే రెండు మందులు చెప్పారు: అభ్యాసం, వైరాగ్యం. పతంజలి మహర్షి కూడా యోగసూత్రాల్లో మొదటి పాదం 12వ సూత్రంలో సరిగ్గా ఈ రెండే చెప్పారు. ఆ తర్వాత 14వ సూత్రంలో అభ్యాసం గట్టిపడాలంటే మూడు షరతులు పెట్టారు. చాలాకాలం చేయాలి. మధ్యలో తెగకుండా చేయాలి. ఆదరంతో, అంటే విసుక్కోకుండా ఇష్టంగా చేయాలి.

మన దీక్షను ఈ తూకంలో పెట్టి చూడండి. ఆదరం ఉంది, అందులో లోటు లేదు. 41 రోజుల పాటు తెగకుండా చేయడమూ ఉంది. లేనిది "చాలాకాలం" ఒక్కటే. మూడింటిలో రెండు సంపాదించేశాం. ఇక్కడిదాకా వచ్చి వదిలేయడం, ముప్పావు వంతు తవ్విన బావిని పూడ్చేసుకోవడమే.

అదే పాదంలో 30వ సూత్రంలో సాధనకు తొమ్మిది అడ్డంకులు చెప్పారు. రోగం, బద్ధకం, సందేహం, ఇలా సాగుతుంది ఆ జాబితా. చివరిది ఏమిటో తెలుసా? ఎక్కిన మెట్టు మీద నిలవలేకపోవడం. ఎక్కలేకపోవడం వేరు, అది ఎనిమిదోది. ఎక్కి నిలవలేకపోవడాన్ని ఇంకో అడ్డంకిగా విడిగా లెక్కపెట్టారంటే, ఇది ఈనాటి మన ఒక్కరి బలహీనత కాదు. మహర్షులకు ముందే తెలిసిన జబ్బు.

అన్నమయ్య లెక్క

తెగకుండా చేయడమంటే ఎలా ఉంటుందో మన తెలుగువాళ్ళకు వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408లో పుట్టారు, 1503లో పరమపదించారు. రాగిరేకుల మీది మాట ప్రకారం ఆయన పదహారో ఏట, అంటే 1424లో, సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టారు. మొత్తం 32 వేల సంకీర్తనలు చెప్పారని సంప్రదాయం. లెక్క వేయండి. 79 ఏళ్ళు, సుమారు 28,800 రోజులు. అంటే రోజుకు ఒకటి, ఒక్కోరోజు కాస్త ఎక్కువ. అంతే!

32 వేలు అనగానే మనకు కళ్ళు తిరుగుతాయి, మహానుభావులు కాబట్టి చేయగలిగారు అనుకుంటాం. మహానుభావులే, కాదనను. కానీ రోజుకు చూస్తే ఒక్కటి. ఇల్లూ పిల్లలూ సంసారమూ ఉన్న మనిషే ఆయనా. స్వామివారికి ఈ పూట ఒక పాట, రేపటి సంగతి రేపు. సాధన అంటే అదీ. 41 రోజుల్లో కొండ ఎక్కేయడం గొప్పే, కానీ రోజుకొక మెట్టు చొప్పున బతుకంతా ఎక్కడం ఇంకా గొప్ప.

మరి ఏం చేయాలి?

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. కాగితం మీద రాసుకుంటే మంచిది.

1. మాల తీయకముందే ఒక్కటి ఎంచుకోండి. మాల తీశాక ఆలోచిద్దాం అంటే కుదరదు. దీక్షలో ఉండగానే, మనసు తేటగా ఉండగానే, "ఈ నియమాల్లో నేను ఎప్పటికీ దాచుకునేది ఏది?" అని అడగండి. ఒక్కటే. పది కాదు. తెల్లవారుజాము స్నానమా, సాయంత్రం దీపమా, మద్యం మానడమా? ఇంట్లోవాళ్ళను బాధపెడుతున్నది ఏదో మీకే తెలుసు, దాన్నే ఎంచుకోండి. గురుస్వామి చేత మాల తీయించుకునేటప్పుడు ఆ మాట ఆయన చెవిన వేయండి. ఎవరికీ చెప్పని సంకల్పం జారిపోవడం తేలిక.

2. వేళనూ చోటునూ వదలకండి. పీఠం ఎత్తేసినా ఆ మూల ఖాళీ చేయకండి. అక్కడే ఒక చిన్న పటం, ఒక ప్రమిద. దీక్షలో గంట పూజ చేశారా, ఇప్పుడు అయిదు నిమిషాలు చేయండి. కానీ అదే వేళకు, అదే చోట. నాలుగింటికి లేవలేకపోతే అయిదింటికి లేవండి. ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాల్లో పరమాత్మ అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదన్నారు. మితంగా ఉన్నదే నిలుస్తుంది. కొత్త ఉత్సాహంలో పెట్టుకున్న పెద్ద నియమం నెల తిరిగేసరికి బరువైపోతుంది.

3. గుర్తు ఒకటి ఉంచుకోండి. మాల తీసేశాం సరే, చేతికి ఒక దారమో, నుదుట రోజూ విభూతో గంధమో. ఎవరికో చూపించడానికి కాదు. చెయ్యి పైకి లేచినప్పుడు, మాట తూలబోయినప్పుడు మీకే తగలడానికి.

4. దూరం పాటించండి. వైరాగ్యం అంటే హిమాలయాలకు పోవడం అనుకుంటారు. గృహస్థుకు వైరాగ్యం చాలా మామూలుగా ఉంటుంది. ఇంటికొచ్చే దారిలో వైన్ షాపు ఉంటే దారి మార్చుకోవడం వైరాగ్యం. శనివారం రాత్రి పిలుపు వస్తుందని తెలిసి, ముందే పిల్లలతో బయటకు వెళ్ళే పని పెట్టుకోవడం వైరాగ్యం. రాత్రి ఫోను పడకగదిలో కాకుండా హాల్లో చార్జింగ్ పెట్టడం వైరాగ్యం. ఎదురుగా పెట్టుకుని గెలుస్తాను అనడం వీరత్వంలా అనిపిస్తుంది కానీ, దీక్షలో కూడా మనం ఎదురుగా పెట్టుకుని గెలవలేదు, దూరంగా ఉండి గెలిచాం.

5. తలపు రాగానే ఎదురు తలపు పెట్టండి. చెడు తలపు పీడిస్తుంటే దానికి వ్యతిరేకమైనదాన్ని భావన చేయమని పతంజలి రెండో పాదంలో చెప్పారు. "ఒక్క పెగ్గే కదా" అని మనసు అంటుంది. అప్పుడు మాలలో ఉండగా మీ పాప వచ్చి మీ ఒడిలో కూర్చున్న సాయంత్రం గుర్తు చేసుకోండి. రెండోదాని రుచి ఎక్కువని మనసుకు మీరే చూపించాలి. ఇందాక చెప్పుకున్న గొప్ప రుచి అంటే ఇక్కడ ఇదే, భగవంతుడు మీ ఇంట్లో పంపిన రుచి.

6. తోడు వెతుక్కోండి. మాల సీజన్ అయ్యాక సన్నిధానం తాళం పడుతుంది. కానీ మీతో కొండకు వచ్చినవాళ్ళలో ఇద్దరో ముగ్గురో ఉంటారు కదా. వారానికి ఒక రోజు ఎవరింట్లోనైనా అరగంట కూర్చోండి. భజన చేయండి, లేకపోతే ఊరికే "ఈ వారం ఎలా గడిచింది స్వామీ" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎదురుగా ఉందంటే వారమంతా కాపలా ఉన్నట్టే.

7. నోటిని కాపాడుకోండి. 17వ అధ్యాయంలో పరమాత్మ వాక్కుతో చేసే తపస్సు చెప్పారు. ఎదుటివాడికి కలత కలిగించనిదై, సత్యమై, ప్రియమై, హితమైన మాట. దీక్షలో ఊరందరినీ స్వామీ అన్నాం, కనిపించిన స్త్రీనల్లా మాతా అన్నాం. ఇంట్లో భార్యను "ఏయ్" అని పిలిచే అలవాటు మళ్ళీ ఎందుకు? "మండీ" అనడానికి నామోషీ అయితే పేరు పెట్టి నెమ్మదిగా పిలవండి. అంత మాత్రానికే ఇంటి గాలి మారుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం కూడా జరుగుతుంది, ప్రాణం మీదకు రావచ్చు. అలాంటివాళ్ళు మాల వేసుకునే ముందే డాక్టరుకు చూపించుకోండి. మందులు వాడితే భక్తి తక్కువైనట్టు కాదు. ఈ శరీరమూ ఆయనదే, వైద్యుడిలో ఉన్నదీ ఆయనే.

పడితే?

పడతారు. ముందే అనుకోండి. 60వ రోజునో, ఉగాదికో, స్నేహితుడి పెళ్ళిలోనో నియమం తప్పుతుంది. అప్పుడు మనసు ఒక పెద్ద మోసం చేస్తుంది. "ఎలాగూ పోయింది కదా, మళ్ళీ వచ్చే కార్తీకంలో చూద్దాం" అంటుంది. ఒక పూట తప్పిన దానికి పది నెలలు రాసిచ్చేయమంటుంది!

అర్జునుడు ఇదీ అడిగాడు. శ్రద్ధ ఉండి, మధ్యలో జారిపోయినవాడు చెదిరిన మేఘంలా ఇటూ అటూ కాకుండా పోతాడా అన్నాడు. పరమాత్మ ఎంతో ప్రేమగా జవాబిచ్చారు. మంచి చేసినవాడు ఎవడూ దుర్గతి పాలు కాడని. అలాంటివాడికి పాత సాధన తిరిగి దక్కుతుందని, అక్కణ్ణుంచే మళ్ళీ ప్రయత్నిస్తాడని. మరో జన్మకే పోకుండా నిలిచే సాధన, ఒక రాత్రికి పోతుందా? మర్నాడు పొద్దున్న అదే వేళకు లేచి, స్నానం చేసి, దీపం పెట్టండి. రాత్రి ఎక్కడ జారారో, ఎవరితో ఉన్నారో, ఏ గంటకు ఆ తలపు వచ్చిందో పుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి. ఏడుస్తూ కూర్చోవడం పశ్చాత్తాపం కాదు. ఆ దారి మళ్ళీ తొక్కకుండా ఏర్పాటు చేసుకోవడం పశ్చాత్తాపం.

ఇంట్లోవాళ్ళకూ ఒక మనవి. ఆయన తప్పినప్పుడు "చూశావా, నీ మాలా నీ వేషమూ" అని ఎత్తిపొడవకండమ్మా. మీ బాధ నాకు తెలియక కాదు. ఆ మాటతో దేవుడి మీద ఉన్న ఆ కాస్త పట్టు కూడా తెగిపోతుంది. అలాగని చెయ్యి చేసుకుంటే భరించమని నేను చెప్పను. అది భరించాల్సిన ధర్మం ఏ శాస్త్రంలోనూ లేదు. పెద్దలను పిలవండి, సాయం అడగండి. కానీ ఆయన మళ్ళీ లేచి దీపం పెట్టిన రోజున మాత్రం, వెటకారం లేకుండా ఒక గ్లాసు కాఫీ చేతికివ్వండి.

నిలబడ్డవాళ్ళకూ ఒక హెచ్చరిక. ఏడాది నిలబడ్డాక "నేను మానేశాను, వాడు చూడు ఇంకా" అనే మాట నోటికొస్తుంది. 18 మెట్లలో అయిదు ఇంద్రియాలకూ, మూడు గుణాలకూ, రెండు విద్య అవిద్యలకూ గుర్తని చెబుతారు. మిగతా ఎనిమిదీ కామక్రోధాది దోషాలకు. మదమూ, దంభమూ, అసూయా ఆ ఎనిమిదిలోనే ఉన్నాయి. మద్యం మెట్టు దిగి మదం మెట్టు మీద కూర్చుంటే ఏం లాభం?

ఏది నిజమైన మనిషి?

ఇప్పుడు ఆ తల్లుల ప్రశ్నకు వద్దాం. ఆ 41 రోజుల మనిషి నిజమా, మిగతా 324 రోజుల మనిషి నిజమా?

శబరిమలలో పద్దెనిమిదో మెట్టు ఎక్కగానే సన్నిధానం మీద ఛాందోగ్యోపనిషత్తు మహావాక్యం కనిపిస్తుంది. అది నువ్వే అని దాని అర్థం. ఇన్ని రోజులు నిన్ను స్వామీ అని పిలిచారే, ఆ స్వామి వేరే ఎవరో కాదు, నువ్వే. ఇరుముడిలో నేతితో నింపిన కొబ్బరికాయ తీసుకెళ్తాం. నెయ్యి జీవాత్మ అంటారు, కాయ దేహం అంటారు. నెయ్యి స్వామికి అభిషేకమవుతుంది, ఖాళీ చిప్ప హోమగుండంలో పడుతుంది. అక్కడ కాలిపోవాల్సింది పాత అలవాట్ల మనిషి. మనమేమో చిప్పను జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుని, నేతిని కొండ మీద మరిచిపోయి వస్తున్నాం.

కాబట్టి అమ్మా, ఆ 41 రోజుల మనిషే నిజం. మిగతాది పేరుకున్న మట్టి. మట్టి ఒక్క నెలలో పట్టలేదు కాబట్టి ఒక్క నెలలో పోదు. రోజూ కొంచెం కడగాలి.

ఈ వారానికి ఒక్క పని పెట్టుకుందాం. మాలలో ఉన్నవాళ్ళు, దాచుకునే ఆ ఒక్క నియమం ఏదో ఈ రాత్రి పీఠం ముందు కూర్చుని నిర్ణయించుకోండి. మాల తీసేసినవాళ్ళు, వేయనివాళ్ళు, రేపు పొద్దున్న ఒక వేళ, ఒక చోటు, అయిదు నిమిషాలు. ఇంట్లో ఒకరికి చెప్పి మొదలుపెట్టండి. ఏడు రోజులు అయ్యాక మళ్ళీ కలుద్దాం.

ఆ హరిహరసుతుడు మీ ఇంట ఏడాది పొడవునా కొలువుండాలని కోరుకుంటూ, స్వస్తి. స్వామియే శరణమయ్యప్ప.